మూడు ఆటలు, ఒకే గడియారం

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు వరసగా, మధ్యలో గడియారం ఆగకుండా పూర్తిచేయడం. బట్టలు, బూట్లు మార్చుకునే టైం కూడా లెక్కలోకే వస్తుంది. గోవాలో హాఫ్ ఐరన్‌మ్యాన్ పూర్తిచేసి వచ్చినప్పటి నుంచి హాస్టల్లో అందరూ అడుగుతున్న ప్రశ్నలకు ఒకేసారి జవాబు చెబుదామని ఇది రాస్తున్నాను.

ఐరన్‌మ్యాన్ ఎక్కడ పుట్టింది?

1978లో, హవాయిలోని ఒవాహు దీవిలో. ఈతగాళ్లు గట్టివాళ్లా, సైకిల్ తొక్కేవాళ్లా, పరిగెత్తేవాళ్లా అనే వాదన తేల్చడానికి అమెరికా నేవీ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ అక్కడ ఉన్న మూడు పోటీలను ఒకటిగా కలిపేశారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. ఆ రోజు 15 మంది బయల్దేరితే 12 మంది గమ్యం చేరారు. మొదట వచ్చిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాలు పట్టింది.

అందులో సరిగ్గా సగం దూరం నేను చేసినది: 1.9, 90, 21.1. మొత్తం 70.3 మైళ్లు కాబట్టి దానికి ఆ అంకే పేరైంది. మన దేశంలో గోవా పోటీ 2019లో మొదలైంది. ఇంకా చిన్న దూరాల ట్రయాథ్లాన్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొదటిసారి చేరింది. మన ఆమదాలవలస కరణం మల్లీశ్వరి బరువులెత్తి కాంస్యం తెచ్చింది కూడా ఆ ఒలింపిక్స్‌లోనే.

సముద్రం సంగతి

స్విమ్మింగ్ పూల్‌లో 1.9 కిలోమీటర్లంటే 25 మీటర్ల పొడవును 76 సార్లు ఈదడం. కానీ సముద్రంలో పట్టుకోవడానికి గోడ ఉండదు, కింద గీత కనబడదు, కెరటం మొహం మీద కొడుతుంది. నేను కళింగపట్నంలో ఈదుతానంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఏటిరా, సముద్రంలో ఈతేటి? ఎవులు చెప్పినారు నీకు?" అంది. ఆవిడ భయం వట్టిది కాదు. పిక్నిక్‌కి వెళ్లి తిరిగిరాని విద్యార్థుల వార్తలు మనందరం చదివినవే.

చివరికి వేట చేసే మావయ్య ఒకాయన తెప్ప మీద పక్కనే వస్తానన్నాకే అమ్మ సరేనంది. ఆయన రానన్న రోజు నేను నీళ్లలో దిగలేదు. ఆయన నేర్పిన మొదటి పాఠం ఇది: కెరటాలు విరగకుండా ప్రశాంతంగా కనబడే చోటే ఒక్కోసారి నీరు లోపలికి లాగుతుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ట్రయాథ్లాన్ చేయకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

సైకిల్ మీద ఫిజిక్స్

శ్రీకాకుళం నుంచి విశాఖకు హైవే మీద వంద కిలోమీటర్లు పైమాటే. దానికి కొంచెం తక్కువ దూరం, ఈత కొట్టిన ఒంటితో తొక్కాలి. ఇక్కడ మన సిలబస్ పనికొచ్చింది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని జయించడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు 25 నుంచి 30 కిలోమీటర్లకు పెంచితే 36 నిమిషాలు మిగులుతాయి. కానీ ఒక్క గాలి కోసమే 73 శాతం ఎక్కువ పవర్ పెట్టాలి. ఆ అప్పు పరుగులో తీర్చాలి. అందుకే నేను 23, 24 దగ్గరే ఆగాను.

తిండి, చెమట

ఒంట్లో దాచుకునే గ్లైకోజెన్ సుమారు 400, 500 గ్రాములు. ఇంత పొడుగు పోటీకి అది చాలదు. దారిలో గంటకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం తీసుకోవాలి. ప్రాక్టీసులో నాకు బెల్లం వేసిన చోడి అంబలి సరిపోయింది. పోటీలో జేబులో పెట్టుకోవడానికి వీలని జెల్ ప్యాకెట్లు వాడాను.

మన కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతో అంతకన్నా తక్కువో పని చేస్తుంది, మిగతాదంతా వేడి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోకేలరీల వేడి పోతుంది. కానీ తీరప్రాంతపు ఉక్కలో చెమట ఆరదు, కారిపోతుంది, ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకే నీళ్లతోపాటు ఉప్పు కూడా ముఖ్యం. విజయనగరంలో కోట చుట్టూ మిట్టమధ్యాహ్నం పరిగెత్తింది పిచ్చితో కాదు, ఒంటికి వేడి అలవాటవడానికి. దానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది.

కటాఫ్

గోవాలో ఈతకు గంటా 10 నిమిషాలు, మొత్తానికి 8 గంటల 30 నిమిషాలు. దాటితే పోటీ నుంచి తప్పుకోవాల్సిందే. నాకు ఈత 52 నిమిషాలు, సైకిల్ 3 గంటల 50, పరుగు 2 గంటల 50, మార్పులకు 18 నిమిషాలు పట్టాయి. మొత్తం 7 గంటల 50. పరుగు మధ్యలో తొడలు బిగుసుకుని కొంతసేపు నడిచాను. ఆ నడకకు టైం మిగిల్చింది సైకిల్ మీద తగ్గించిన వేగమే.

మీకు ఆసక్తి ఉంటే 70.3తో మొదలుపెట్టకండి. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉండే స్ప్రింట్ దూరం చాలు. మామూలు సైకిలైనా పర్వాలేదు. ముందు డాక్టరుకు ఒకసారి చూపించుకోండి, ఈత తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోండి. సముద్రంలోకి మాత్రం ఒంటరిగా వద్దు.