టోల్కీన్ గృహస్థాశ్రమము

ఆక్స్‌ఫర్డు నగరపు ఉత్తరపు శివార్లలో వుల్వర్‌కోట్ అను శ్మశానవాటిక యొకటి కలదు. అందు కతోలిక క్రైస్తవులకు ప్రత్యేకించిన భాగమున, బూడిదవన్నె శిలాఫలకము మీద ఇద్దరి పేర్లు చెక్కబడియున్నవి. ఈడిత్ మేరీ టోల్కీన్ అను పేరు క్రింద ‘లూథియెన్’ అనియు, జాన్ రొనాల్డ్ రూయెల్ టోల్కీన్ అను పేరు క్రింద ‘బెరెన్’ అనియు ఒక్కొక్క మాట. ఇద్దరి జనన మరణ సంవత్సరములు. అంతకుమించి అక్షరము లేదు. ఆయన 1925 మొదలు 1959 వరకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై యుండిన సంగతిగాని, 1937లో ‘హాబిట్’ను, 1954–55లో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సంపుటములను లోకమున కొసగిన సంగతిగాని, 1972లో ఎలిజబెత్ రాణి చేతిమీదుగా బిరుదు నందుకొన్న సంగతిగాని ఆ ఫలకము చెప్పదు. భార్య గతించిన పిమ్మట ఆమె పేరు క్రింద ఏ మాట యుండవలెనో నిర్ణయించినవాడు ఆయనయే.

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను ఆ ఉంగరపు కథ చలనచిత్రములుగా వెలువడిన నాటినుండి, పుస్తకము తెరవని తెలుగు యువజనులకు సైతము టోల్కీన్ పేరు పరిచితమైనది. ఆ కల్పనాప్రపంచమును గూర్చి వ్రాసినవారు పెక్కురు. నేను వ్రాయబూనినది ఆ మనిషిని గూర్చి: ఒక తల్లికి కొడుకుగా, ఒక తమ్మునికి అన్నగా, ఒక స్త్రీకి భర్తగా, నలుగురు బిడ్డలకు తండ్రిగా ఆయన నడచిన తీరును గూర్చి. ఆయన లేఖలు చదివినకొలది నాకు దృఢపడిన అభిప్రాయ మొక్కటే. ఈ బాంధవ్యములలో దేనిని ఆయన తన కతోలిక విశ్వాసమునుండి వేరుచేసి చూడలేదు, ఏలయన ఆ విశ్వాసము ఆయనకు కన్నతల్లి తన ప్రాణమునొడ్డి నిలిపి యిచ్చిన ఆస్తి.

1892 జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్ పట్టణమున రొనాల్డు జన్మించెను. తండ్రి ఆర్థర్ అచటి బ్యాంకులో మేనేజరు. 1894లో తమ్ముడు హిలరీ పుట్టెను. అచటి ఎండ పెద్దబిడ్డకు పడకపోవుటచే తల్లి మేబెల్ మరుసటి యేడు పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని ఇంగ్లండులోని పుట్టినింటికి వచ్చెను. వెనుకనుండి రావలసిన భర్త జ్వరపీడితుడై 1896 ఫిబ్రవరిలో అచటనే కన్నుమూసెను. నాలుగేండ్ల అన్నను, రెండేండ్ల తమ్ముని పెట్టుకొని, ఇరువదియారేండ్ల ఆ వితంతువు బర్మింగ్‌హామ్ నగరము వెలుపల సేర్‌హోల్ అను పల్లెలో చిన్న యిల్లు అద్దెకు తీసికొని, పిల్లలకు లాటిను, బొమ్మలు గీయుట, చెట్టుచేమల శాస్త్రము తానే నేర్పసాగెను.

1900లో ఆమె కతోలిక మతమున ప్రవేశించెను. క్రైస్తవులలో ఒక శాఖనుండి మరియొక శాఖకు మారుటయే గదా యని మనకు తోచవచ్చును. కాని పదునారవ శతాబ్దమున ఎనిమిదవ హెన్రీ రాజు రోమునుండి విడివడినది మొదలు ఇంగ్లండున కతోలికులు అనుమానమునకు పాత్రులైన అల్పసంఖ్యాకులుగ జీవించిరి. 1829లో చట్టము వారికి పార్లమెంటు ద్వారములు తెరచినను, కుటుంబములలో పాత వైమనస్యము చల్లారలేదు. మేబెల్ తండ్రి మండిపడెను. ఆమెతోపాటు మతము పుచ్చుకొన్న సోదరిని ఆ సోదరి భర్త నిర్బంధించి ఆపెను. మేబెల్‌కు అంతవరకు పంపుచుండిన ధనసహాయమును మానివేసెను. మన పల్లెలలోను, జ్ఞానస్నానము పొందిన ఆడుబిడ్డను పుట్టినిల్లు దూరము పెట్టుట ఎరిగినవారికి ఈ దుఃఖము వివరింప నక్కరలేదు. పేదరికముతో, ఒంటరితనముతో పెనగులాడుచు ఆమె బిడ్డలను ఆ మతముననే పెంచెను. ఇంతలో మధుమేహము పైబడెను. ఇన్సులిన్ కనుగొనబడుటకు ఇంకను పదునేడేండ్లు పట్టవలసియుండగా, 1904 నవంబరు 14వ తేదీన, ముప్పదినాలుగవ యేట ఆమె మరణించెను. అప్పటికి రొనాల్డుకు పండ్రెండేండ్లు. తన తల్లి విశ్వాసము కొరకు ప్రాణమర్పించిన వేదసాక్షి యని ఆయన జీవితాంతము నమ్మెను. ఆ మాట వృద్ధాప్యమున బిడ్డలకు వ్రాసిన లేఖలలోను కనిపించును.

బంధువులు పిల్లలను తిరిగి తమ మతములోనికి లాగుకొందురను భయముతో మేబెల్ తన మరణమునకు ముందే వారిని బర్మింగ్‌హామ్ ఆరటరీకి చెందిన ఫ్రాన్సిస్ మోర్గన్ ఫాదరుగారికి అప్పగించెను. న్యూమన్ కార్డినలు స్థాపించిన గురుకూటమి అది. మోర్గన్‌గారిది సగము వేల్సు, సగము స్పెయిను రక్తము. స్పెయినులో వారి కుటుంబమునకు ద్రాక్షసారా వ్యాపారము కలదు. తల్లి విడిచిన స్వల్పధనమునకు ఆయన తమ సొంత రాబడినుండి గుట్టుగా కలిపి పిల్లలను పోషించిరి. అన్నదమ్ములిద్దరు వేకువనే ఆరటరీకి పరుగెత్తి, ఫాదరుగారి దివ్యబలిపూజలో సేవచేసి, అచటనే అల్పాహారము భుజించి బడికి పోవుచుండిరి. వారు నివసించినది మాత్రము బంధువులలో ఒకామె యింట. ఆమె తమ తల్లి ఉత్తరములన్నిటిని కాల్చివేసినదని రొనాల్డు ఒకనాడు కనుగొనెను. వాటిని ఎవరైన దాచుకొనగోరుదురేమో యను ఊహయే ఆమెకు కలుగలేదు.

తండ్రి పోయిన యింట పెద్దకొడుకు బరువు మోయుట మనకు తెలిసిన ధర్మము. రొనాల్డు ఆ యర్థమున తమ్ముని పోషించినవాడు కాడు. రెండేండ్లే పెద్ద, తానును పసివాడే. అయినను ఆ తల్లిని, ఆ ముఖమును, ఆ కంఠమును జ్ఞాపకము పెట్టుకొన్న ఇద్దరిలో తాను పెద్దవాడు. అన్న చదువులలో బహుమానములు గడించి 1911లో ఆక్స్‌ఫర్డు చేరెను. తమ్మునికి పుస్తకములకంటె మన్ను ప్రియము. హిలరీ మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడై గాయపడి తిరిగివచ్చి, తల్లి పూర్వుల ఊరైన ఈవ్‌షామ్ సమీపమున పండ్లతోట కొని, జీవితాంతము రైతుగనే యుండెను. ఆచార్యుడైన అన్న ఆ తోటకు సకుటుంబముగ వచ్చిపోవుచునే యుండెను.

1908లో సోదరులు మారిన అద్దెయింటిలో ఈడిత్ బ్రాట్ అను అనాథయువతి యుండెను. ఆమెకు పందొమ్మిదేండ్లు, రొనాల్డుకు పదునారు. ప్రేమ యంకురించెను. సంగతి తెలిసిన మోర్గన్‌గారు, చదువు చెడుననియు, పిల్ల కతోలికురాలు కాదనియు, ఇరువదియొకటవ యేడు నిండువరకు ఆమెను చూడరాదు, ఉత్తరము వ్రాయరాదు అని శాసించిరి. ఇది కఠినమని నేటివారు తప్పక అందురు. నాకును కఠినముగనే తోచును. తండ్రికంటె ఎక్కువగా చూచుకొనిన మనిషి మాట మీరలేక రొనాల్డు దాదాపు మూడేండ్లు ఆ ఆజ్ఞను పాలించెను. ఆ ఆజ్ఞ వలన పుట్టిన కోపమును ఆయన మనసులో పెంచుకొనలేదనుటకు సాక్ష్యము వేరొకటి యక్కరలేదు: తరువాతి కాలమున తన తొలిచూలు కొమరునికి జాన్ ఫ్రాన్సిస్ అని ఆ ఫాదరుగారి పేరే పెట్టుకొనెను.

1913 జనవరి 3వ తేదీ ప్రవేశించిన క్షణముననే, అనగా తనకు ఇరువదియొకటి నిండిన ఆ నడిరేయి, ఆయన ఈడిత్‌కు ఉత్తరము వ్రాసెను. ఆమెకు అప్పటికే వేరొకనితో పెండ్లి నిశ్చయమైయున్నదని బదులు వచ్చెను. ఆయన చెల్టన్‌హామ్ పోయి ఆమెను కలిసెను. సాయంకాలమునకు ఆమె ఆ నిశ్చయమును వదులుకొనెను. మరుసటి యేడు జనవరిలో ఆమె కతోలిక సంఘమున చేరెను. ఆ కారణమున ఆశ్రయమిచ్చిన యింటివారు ఆమెను వెడలిపొమ్మనిరి. 1916 మార్చి 22వ తేదీన వారిక్ పట్టణపు దేవాలయమున వివాహము. కొలది మాసములకే వరుడు సోమ్ యుద్ధరంగమున కందకములలో నుండెను. ప్రాణస్నేహితులలో ఇద్దరు ఆ యుద్ధమున హతులైరి. ఆయనను కందకజ్వరము ఇంటికి చేర్చెను. 1917లో యార్క్‌షైరులోని రూస్ అను చోట, తెల్లని పూలు విరబూసిన చిట్టడవిలో ఈడిత్ ఆయన కొరకు ఆడి పాడెను. మర్త్యుడైన బెరెన్ కొరకు అమరత్వమును విడిచిన లూథియెన్ కథ ఆ దృశ్యమునుండి పుట్టెను.

ఇంతటితో ఆపినచో ఇది కేవలము ప్రేమకథ యగును. ఆ దాంపత్యము సుమారు ఏబదియైదేండ్లు సాగినది. అందు కష్టములు కలవు. బలవంతముగా మతము మార్చుకొన్న బాధ ఈడిత్ మనసున చిరకాలము నిలిచెను. పాపసంకీర్తనమన్న ఆమెకు గిట్టలేదు. కొన్నేండ్లు పూజకు పోవుటయే తగ్గించెను. 1940 ప్రాంతమున ఆ ముడి విడి, ఇద్దరి నడుమ నిజమైన సఖ్యత కుదిరినదని ఆయన జీవితచరిత్ర వ్రాసిన హంఫ్రీ కార్పెంటర్ తెలిపియున్నాడు. 1941లో కొడుకు మైకేలుకు వ్రాసిన దీర్ఘలేఖలో, వివాహమున నిష్ఠ అనురాగము వలన దానంతట అది నిలువదనియు, దానికి సంకల్పమును ఆత్మనిగ్రహమును కావలెననియు తండ్రి దాపరికము లేకుండ చెప్పెను. అనుభవించి వ్రాసిన వాక్యములు కనుకనే వాటిలో ఉపదేశపు వాసన లేదు.

జాన్, మైకేల్, క్రిస్టఫర్, ప్రిసిల్లా అని నలుగురు బిడ్డలు. జీతము చాలక, ప్రతి వేసవియు ఆయన బడిపిల్లల పరీక్షాపత్రములు దిద్ది వైద్యునికి, చదువులకు ధనము సమకూర్చెను. ఎవడో విద్యార్థి ఖాళీగా విడిచిన పుటమీద, నేలబొరియలో నివసించు హాబిట్టును గూర్చిన తొలి వాక్యము పడినది ఆ చాకిరిలోనే. 1925లో ఫైలీ సముద్రతీరమున చిన్న మైకేల్ తన సీసపు బొమ్మకుక్కను పోగొట్టుకొని యేడ్వగా, ఆ కుక్క చంద్రలోకమునకు పోయి వచ్చిన కథ కల్పించి చెప్పెను; అది ‘రోవరాండమ్’ అను పేర 1998లో అచ్చయినది. 1920 నుండి ఇరువది యేండ్లకు పైగా, ప్రతి క్రిస్మసుకు ఉత్తరధ్రువమునుండి క్రిస్మసు తాత వ్రాసినట్లు వణుకు దస్తూరితో జాబులు వ్రాసి, స్వయముగా రంగుల తపాలాబిళ్లలు గీసి అంటించెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానదళ శిక్షణకు దక్షిణాఫ్రికా పోయిన క్రిస్టఫర్‌కు, ఉంగరపు కథ అధ్యాయములను వ్రాసినవి వ్రాసినట్లు టపాలో పంపెను. ఒంటరియైన కొడుకునకు ధైర్యము చెప్పుటకు తండ్రికి దొరికిన మార్గమది.

పండుగ దినములలో కొడుకులతో సైకిలెక్కి, ఆక్స్‌ఫర్డులోని పునీత అలోషియస్ దేవాలయమున ప్రాతఃకాల పూజకు పోవుట ఆ యింటి యాచారము. దివ్యసత్ప్రసాదమే తన జీవితమునకు మూలాధారమని ఆయన కొడుకులకు పదేపదే వ్రాసెను. 1963లో మైకేలుకు విశ్వాసము సడలినదని తెలిసినపుడు ఆయన చెప్పిన మందు తర్కము కాదు. తరచుగ సత్ప్రసాదము స్వీకరింపుమనియు, గురువు చదువు వినసొంపుగ లేని చోట, పిల్లల అల్లరితో నిండిన జనసమూహము నడుమ మోకరిల్లుట మరింత మేలనియు వ్రాసెను. రెండవ వాటికన్ మహాసభ తరువాత పూజ ఆంగ్లమున సాగినపుడు, ఆ మార్పు ఆయనను మిక్కిలి నొప్పించెను. అందరు ఆంగ్లమున పలుకగా తాతగారు లాటినులోనే బిగ్గరగా బదులు చెప్పిరని మనుమడు సైమన్ జ్ఞాపకము చేసికొనెను. ఆ లాటిను తల్లి నేర్పినది.

ఆయన మహాకథలో గుడిగాని, పూజారిగాని కానరారు. అయినను అది మూలతః కతోలిక కృతి యని 1953లో రాబర్ట్ మర్రీ అను జెస్విట్ మిత్రునకు ఆయన స్పష్టముగ వ్రాసెను. ఆ దుష్టాంగుళీయకము నశించిన దినము మార్చి 25; కతోలికులకు అది దేవమాతకు మంగళవార్త వినవచ్చిన పండుగ.

1968లో కీర్తిమంతుడైన ఆ ఆచార్యుడు మిత్రులను, గ్రంథాలయములను విడిచి బోర్న్‌మౌత్ అను సముద్రతీర పట్టణమునకు మారెను. అచటి హోటలులో ఈడిత్‌కు తోడు దొరకుచుండెను, ఆమె సుఖముగ నుండెను. 1971 నవంబరు 29వ తేదీన ఆమె మరణించిన పిమ్మట తిరిగి ఆక్స్‌ఫర్డు చేరెను; ఈవ్‌షామ్ పోయి తమ్మునితో కలిసి టెలివిజనులో క్రికెట్టు చూచుచు కాలక్షేపము చేసెను. 1973 సెప్టెంబరు 2వ తేదీన బోర్న్‌మౌత్‌లో మిత్రులను చూడబోయియున్న సమయమున కన్నుమూసెను. హెడింగ్టన్ దేవాలయమున తండ్రి ఆత్మశాంతికై దివ్యబలి నర్పించినవాడు 1946లో గురువుగా అభిషిక్తుడైన పెద్దకొడుకు జాన్. మూడేండ్లకు హిలరీయు పోయెను. క్రిస్టఫర్ ఆక్స్‌ఫర్డు ఉద్యోగము విడిచి, తండ్రి అసంపూర్తిగా వదలిన వ్రాతప్రతులను సవరించుటకు కూర్చుండెను: 1977లో ‘సిల్మరిలియన్’, 1983 నుండి 1996 వరకు పండ్రెండు సంపుటములు, మరి కొన్ని. యుద్ధమునుండి జబ్బుపడి వచ్చిన దినములలో తండ్రి వ్రాసిన గాండలిన్ పతన కథను 2018లో, తన తొంబదిమూడేండ్ల వయసున, అచ్చు వేయించెను.