ఏడేళ్ళ పంట: మనోవిజ్ఞానం చదవదలచిన మన పిల్లలకు ఒక ప్రణాళిక

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారంలో మన ఇళ్ళలో ఇలాంటి సంభాషణ ఒకటి వినిపిస్తుంటుంది. "అబ్బా, నేను డిగ్రీలో సైకాలజీ తీసుకుంటాను" అంటుంది కూతురు. తండ్రి కొంతసేపు మౌనంగా ఉండి, "అది చదివితే ఏమవుతావు బేటీ?" అని అడుగుతాడు. "పిచ్చివాళ్ళ డాక్టరవుతుందట" అని లోపలి గదిలోంచి దాదీ గొణుగుతుంది. ముగ్గురికీ ఆ పిల్ల మీద ప్రేమే. అయితే కూతురికి ఆసక్తి ఉంది గాని దారి తెలియదు. తండ్రికి బాధ్యత తెలుసు గాని ఆ చదువు గురించి తెలియదు. దాదీకి లోకం తెలుసు గాని ఈ విద్యపై అపోహ ఉంది.

నిజానికి తండ్రి అడిగినది సరైన ప్రశ్న. దానికి నిజాయితీ గల సమాధానం ఇది: మూడేళ్ళ డిగ్రీ పూర్తి చేసినంత మాత్రాన ఆమె మానసిక చికిత్సకురాలు కాజాలదు. ఆ డిగ్రీ పునాది మాత్రమే. పునాది ఏ ఇంటికోసం వేస్తున్నామో ముందే తెలిస్తేనే అది ఆ ఇంటిని మోస్తుంది.

దైవప్రవక్త యూసుఫ్ (అ) గాథ మనందరికీ తెలిసినదే. రాజుగారి కలకు ఆయన అర్థం చెప్పి ఊరుకోలేదు. ఏడేళ్ళు ఎడతెగక సేద్యం చేయమన్నారు. పండిన ధాన్యాన్ని వెన్నులతోనే నిల్వ ఉంచి, తినడానికి అవసరమైనంత మేరకే తీయమన్నారు. రాబోయే ఏడు కరవు సంవత్సరాలను దృష్టిలో ఉంచుకొని నేటి విత్తనాన్ని లెక్కించారు. అల్లాహ్‌పై నమ్మకానికీ ముందుచూపుకూ మధ్య వైరుధ్యం లేదని ఆ గాథ మనకు బోధిస్తుంది. మనోవిజ్ఞానం చదవదలచిన విద్యార్థికి కూడా ఇంచుమించు ఏడేళ్ళ లెక్కే అవసరమవుతుంది.

చివరి నుండి మొదటికి

డిగ్రీలో ఏ పాఠ్యాంశాలు ఎంచుకోవాలన్నది రెండవ ప్రశ్న. చివరికి ఏ పని చేయదలచామన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ కొన్ని పేర్ల మధ్య తేడా గ్రహించాలి.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపై మానసిక వైద్యంలో పీజీ చేసిన వైద్యుడు. మందులు రాసే అధికారం ఆయనకు ఉంది. క్లినికల్ సైకాలజిస్టు మానసిక రుగ్మతలను పరీక్షల ద్వారా, సంభాషణ ద్వారా అంచనా వేసి, మాటలతోనూ అభ్యాసాలతోనూ చికిత్స చేసే నిపుణుడు. ఈ వృత్తికి 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి. ఇంతకాలం దీనికి మార్గం ఇలా ఉండేది: మూడేళ్ళ డిగ్రీ, రెండేళ్ళ పీజీ, ఆ తరువాత ఆసుపత్రిలో నిపుణుల పర్యవేక్షణలో రెండేళ్ళ ఎంఫిల్. మొత్తం ఏడేళ్ళు. జాతీయ విద్యావిధానం 2020 ఎంఫిల్‌ను రద్దు చేయగా, క్లినికల్ సైకాలజీకి మాత్రం యూజీసీ 2025-26 వరకు గడువిచ్చింది. ఈ కోర్సుల రూపం మారుతున్న దశ ఇది. కనుక చేరబోయే సంవత్సరంలో మండలి గుర్తించిన కోర్సులేవో, సంస్థలేవో ఆ మండలి జాబితాలోనే చూసుకోవాలి. కళాశాల ప్రకటనను నమ్మి ఆగిపోరాదు.

అందరూ ఈ దీర్ఘమార్గమే పట్టవలసిన అవసరం లేదు. పాఠశాలలో కౌన్సెలర్ కాదలచినవారు పీజీ వరకు చదవాలి. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు బోధించదలచినవారు డిగ్రీ తరువాత ప్రత్యేక విద్యలో బీఈడీ చేయవచ్చు. పరిశోధన, అధ్యాపన కోరేవారు నెట్, పీహెచ్‌డీల వైపు సాగాలి. సంస్థల్లో మానవ వనరుల విభాగం కోరేవారికి వాణిజ్యశాస్త్ర పరిచయం తోడవ్వాలి. ఈ గమ్యాల్లో ఏదో ఒకటి, తాత్కాలికంగానైనా, మొదటి సంవత్సరంలోనే కాగితంపై రాసుకోవాలి. తరువాత మార్చుకున్నా తప్పులేదు. ఏదీ రాసుకోకపోతే మాత్రం ఎంపికలన్నీ స్నేహితులను చూసి జరిగిపోతాయి.

క్రెడిట్ల లెక్క

యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్సుకు 160 క్రెడిట్లు సంపాదించాలి. తరగతి బోధనలో 15 గంటలు ఒక క్రెడిట్. ప్రయోగశాల పనిలో 30 గంటలకు ఒక క్రెడిట్. మూడేళ్ళ డిగ్రీలో ప్రధాన విషయానికి కనీసం 60, మైనర్‌కు 24 క్రెడిట్లు కేటాయించారు. మిగిలినవి భాషలకు, ఇతర శాస్త్రాల పరిచయానికి, నైపుణ్యాలకు, ఇంటర్న్‌షిప్‌కు చెందుతాయి.

నాలుగవ సంవత్సరంలో పరిశోధనతో కూడిన ఆనర్సు చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి. "మొదటి సంవత్సరమే కదా, తరువాత చూసుకుందాం" అనుకునే విద్యార్థికి ఈ తలుపు తెలియకుండానే మూసుకుపోతుంది. మూడేళ్ళ డిగ్రీ తరువాత రెండేళ్ళ పీజీ అయినా, నాలుగేళ్ళ డిగ్రీ తరువాత ఏడాది పీజీ అయినా మొత్తం ఐదేళ్ళే. అయితే ఏడాది పీజీ అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ ఉండదు కనుక, తాను చేరదలచిన చోటి నియమం ముందే తెలుసుకోవాలి.

రాష్ట్రాలనుబట్టి అమలులో తేడాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒకే మేజర్, దానికి తోడు ఒక మైనర్ అనే విధానం ప్రవేశపెట్టారు. తెలంగాణలో దోస్త్ ద్వారా చేరే బీఏ కోర్సుల్లో మనోవిజ్ఞానం తరచు మూడు విషయాల కూర్పులో ఒకటిగా ఉంటుంది. అలాంటి కూర్పులో చేరేవారు, తమకు నచ్చిన పీజీ కోర్సు డిగ్రీలో ఎంత మేర సైకాలజీ చదివి ఉండాలని కోరుతుందో చేరడానికి ముందే విచారించాలి.

ఏ పాఠం ముందు? ఏది తరువాత?

ఈ శాస్త్రంలో పాఠాలకు ఒక వరుస ఉంది. మొదటి సంవత్సరంలో సామాన్య మనోవిజ్ఞానం, మెదడు, నాడీవ్యవస్థల పరిచయం చదవాలి. ఆర్ట్స్ గ్రూపుల నుండి వచ్చినవారికి జీవశాస్త్ర భాగం కొత్తగా ఉంటుంది. దానికి అదనపు సమయం కేటాయించుకోవాలి. రెండవ సంవత్సరంలో గణాంకశాస్త్రం, వికాస మనోవిజ్ఞానం, సామాజిక మనోవిజ్ఞానం, ప్రయోగాలు. మూడవ సంవత్సరంలో పరిశోధనా పద్ధతులు, మానసిక పరీక్షలు, అసాధారణ మనోవిజ్ఞానం, కౌన్సెలింగ్ పరిచయం. కళాశాలనుబట్టి పేర్లు, సెమిస్టర్లు మారవచ్చు. సూత్రం మాత్రం ఒక్కటే: ఆరోగ్యవంతమైన మనసు ఎలా పనిచేస్తుందో తెలిసిన తరువాతే అస్వస్థత గురించి చదవాలి. కొలవడం నేర్చిన తరువాతే పరిశోధనకు పూనుకోవాలి.

మన పిల్లలు ఎక్కువగా తడబడేది గణాంకశాస్త్రం దగ్గరే. లెక్కలకు భయపడి ఈ చదువు ఎంచుకున్నవారు, ఇక్కడా లెక్కలే ఎదురయ్యేసరికి దానిని వాయిదా వేస్తారు. ఐచ్ఛికమైతే వదిలేస్తారు. ఇది పెద్ద పొరపాటు. తెలివితేటల పరీక్షనే తీసుకోండి. అందులో సగటు 100, ప్రామాణిక విచలనం సాధారణంగా 15. సగటు కంటే రెండు విచలనాలు తక్కువైతే 70. ఒక బాలునికి 68 వచ్చిందనుకుందాం. ప్రతి కొలతలోనూ కొంత దోషం ఉంటుందనీ, ఆ బాలుని మాతృభాషలో లేని పరీక్ష అతనికి అన్యాయం చేయవచ్చుననీ, రోజువారీ పనులు ఎలా చేసుకోగలుగుతున్నాడో కూడా చూడాలనీ గణాంకాలు, పరీక్షా నిర్మాణం చదివిన వ్యక్తి గ్రహిస్తాడు. చదవని వ్యక్తి 68ని చూసి పిల్లవాడికి జీవితాంతం ఒక ముద్ర వేస్తాడు. తూనికలు, కొలతల్లో అన్యాయం చేసేవారిని దివ్య ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. మనిషి మనసును తూచేవాడికి ఆ హెచ్చరిక మరింతగా వర్తించదా?

ప్రయోగశాలను కూడా మార్కుల కోసం రికార్డు నింపే చోటుగా చూడరాదు. ముల్లర్-లయర్ ప్రయోగంలో సమానమైన రెండు గీతలు, చివరన ఉన్న బాణపు గుర్తుల దిశ వల్ల అసమానంగా కనిపిస్తాయి. సమానమని తెలిసిన తరువాత కూడా కన్ను పొరబడుతూనే ఉంటుంది. ఎదుటివారిపై తొందరపడి తీర్పు చెప్పకూడదన్న వినయం ఇలాంటి ప్రయోగాలతోనే అలవడుతుంది.

మైనర్, భాష, ఇంటర్న్‌షిప్

మైనర్‌ను గమ్యాన్నిబట్టి ఎంచుకోవాలి. పిల్లలతో పనిచేయదలచినవారికి విద్యాశాస్త్రం, కుటుంబాలతో పనిచేయదలచినవారికి సమాజశాస్త్రం, పరిశోధన కోరేవారికి గణాంకశాస్త్రం ఉపకరిస్తాయి.

భాషా క్రెడిట్లను మన పిల్లలు తేలికగా తీసుకుంటారు. పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది గాని బాధ ఇంగ్లీషులో రాదు. "దిల్ ఘబరా రహా హై" అంటుంది ఒక తల్లి. "గుండెల్లో దడ, తలంతా బరువు, ఒళ్ళంతా మంటలు" అంటుంది మరొక తల్లి. ఈ మాటల వెనుక ఆందోళన ఉందో, దిగులు ఉందో, శారీరక వ్యాధే ఉందో విడదీయాలంటే తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ వినడం, అడగడం, రాయడం రావాలి. పరాయి పురుషుని ముందు నోరు విప్పలేని స్త్రీలకు, వారి భాషలో మాట్లాడగల స్త్రీ నిపుణురాలు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఇంటర్న్‌షిప్‌ను ధ్రువపత్రం అమ్మే చోట చేయవద్దు. ప్రత్యేక పిల్లల పాఠశాల, వృద్ధాశ్రమం, ఆసుపత్రి మానసిక విభాగం వంటి చోట పర్యవేక్షకుడు ఉన్నాడా లేడా అన్నది మొదట చూడాలి. అక్కడ విద్యార్థి పని పరిశీలించడం, నేర్చుకోవడం. చికిత్స చేయడం కాదు. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. డిగ్రీ పట్టా చేతికి రాగానే "కౌన్సెలర్" అని బోర్డు తగిలించేవారు ఈ హెచ్చరికను మరువరాదు.

దూరవిద్య గురించి ఒక హెచ్చరిక

"ఆడపిల్ల కదా, ఇంటి నుండే దూరవిద్యలో చదువుకోనీ" అనే ఆలోచన చాలా కుటుంబాల్లో ఉంది. 2021 నాటి ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే కోర్సుల్లో 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుండి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతులను యూజీసీ నిలిపివేసింది. ఆ కోర్సుల్లో సైకాలజీ కూడా ఉంది. కనుక కొత్తగా చేరేవారు రెగ్యులర్ కళాశాలనే వెతకాలి. ఎవరైనా దళారి దూరవిద్య సీటు చూపిస్తే రుసుము కట్టకముందే విశ్వవిద్యాలయం నుండి లిఖితపూర్వకంగా నిర్ధారించుకోవాలి. ఇంటికి దగ్గరలో మంచి మహిళా కళాశాల, లేదా సురక్షితమైన హాస్టల్ విచారించడం కూడా ఈ ప్రణాళికలో భాగమే. తండ్రి పాదం ఇక్కడ కదలకపోతే కూతురి చదువు అక్కడే ఆగిపోతుంది.

ఇది మనకు పరాయి విద్యా?

ఫ్రాయిడ్ సిద్ధాంతాలు చదివితే పిల్లల విశ్వాసం సడలుతుందేమోనని కొందరు భయపడతారు. ఏ సిద్ధాంతాన్నైనా పూర్తిగా చదివి, ఆధారాలను పరీక్షించి, తరువాతే స్వీకరించాలో నిరాకరించాలో నిర్ణయించుకోవాలి. సుడాన్‌కు చెందిన మనోవిజ్ఞాన ఆచార్యుడు మాలిక్ బద్రీ (1932-2021) చూపిన దారి ఇదే. పాశ్చాత్య సిద్ధాంతాలను గుడ్డిగా అనుకరించే ముస్లిం మనోవిజ్ఞానులను ఆయన 1979లో ప్రచురించిన గ్రంథంలో విమర్శించారు. ఆ పని ఆయన ఆ శాస్త్రాన్ని క్షుణ్ణంగా అభ్యసించి చేశారు.

అంతకు వెయ్యేళ్ళ ముందే, క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ దేహారోగ్యాన్నీ మానసికారోగ్యాన్నీ ఒకే గ్రంథంలో చర్చించారు. కారణం తెలిసిన దుఃఖాన్నీ, కారణం తెలియని దుఃఖాన్నీ వేరుచేసి చూపారు. ఆరోగ్యవంతుడు ఆపద కోసం మందులు దాచుకున్నట్లే, మనసుకు మేలు చేసే ఆలోచనలను కూడా ముందే సమకూర్చుకోవాలని సూచించారు. 1354లో అలెప్పోలో నిర్మించిన అర్గూన్ బీమారిస్తాన్‌లో మానసిక రోగులకు చికిత్స జరిగేది. ఈ చరిత్ర తెలిస్తే దాదీ కూడా ఈ విద్యను మరో చూపుతో చూస్తుంది.

అవసరం ఎంతటిదో కూడా ఆమెకు చెప్పాలి. నిమ్‌హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో దాదాపు 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. వివిధ రుగ్మతల్లో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దువా చేద్దాం, ఖుర్ఆన్ పారాయణం చేద్దాం, దానితోపాటు చికిత్సా చేయిద్దాం. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు కల్పించాడన్న దైవప్రవక్త (స) బోధ మనసు వ్యాధులకూ వర్తిస్తుంది.

ఇంటిల్లిపాదీ కూర్చొని

చేరడానికి ముందు ఒక సాయంత్రం, మగ్రిబ్ తరువాత, అందరూ కలిసి కూర్చోండి. ఒక కాగితంపై ఏడు గళ్ళు గీయండి. ఒక్కొక్క గడి ఒక్కొక్క సంవత్సరం. ప్రతి గడిలో చదవవలసిన పాఠాలు, కట్టవలసిన రుసుము, రాయవలసిన ప్రవేశ పరీక్ష నమోదు చేయండి. వివాహ ప్రస్తావన ఏ గడిలో వస్తుందో, వస్తే చదువు ఎలా కొనసాగుతుందో కూడా సంకోచించకుండా మాట్లాడుకోండి. పెళ్ళి మాటల్లో ఆ విషయాన్ని వరుని కుటుంబానికి ముందే స్పష్టం చేయండి. మూడవ గడి వద్ద ఆగవలసి వస్తే ఏ ఉద్యోగం, ఐదవ గడి వద్ద ఆగవలసి వస్తే ఏ ఉద్యోగం అన్నది పక్కన రాసుకోండి. ఆపై ఇస్తిఖారా చేసి, అల్లాహ్‌పై భారం వేసి అడుగు ముందుకు వేయండి.

అప్పుడు "ఏమవుతావు బేటీ?" అన్న ప్రశ్నకు సమాధానం కూతురు ఒక్కతే వెతుక్కోనవసరం లేదు. అది ఇంటి గోడమీద, తండ్రి చేతిరాతలో ఉంటుంది.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, ఆ జ్ఞానాన్ని అమానతుగా భావించే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.