చూచినది, విన్నది, అనుకున్నది

వారం వారం మా కార్యాలయానికి వచ్చే కూడికల నివేదికలు చాలామట్టుకు ఒకే విధంగా మొదలవుతాయి. దేవుని కృపను బట్టి ఫలానా తేదీన ఫలానా గ్రామంలో కూడిక జరిగింది, ఫలానా వారు అధ్యక్షత వహించారు, ఫలానా వారు ప్రారంభ ప్రార్థన చేశారు, వేదిక మీది పెద్దలకు శాలువాలు కప్పారు. శాలువాలు అయ్యేసరికి ఒక పేజీ నిండుతుంది. చిట్టచివర, వందన సమర్పణకు ముందు ఒక్క వాక్యం ఉంటుంది: సంఘంలోని ఒక విధవరాలు తనకున్న ఐదు సెంట్ల స్థలాన్ని పిల్లల చదువు గది కోసం రాసి ఇచ్చింది. ఆమె పేరు మాత్రం ఉండదు.

ఈ వేసవి సెలవుల్లో నరసరావుపేటలో ఇంటరు, డిగ్రీ చదివే పిల్లలకు నాలుగు శనివారాలు వార్త రాయడం నేర్పాము. మాచర్ల, గురజాల, రెంటచింతల వైపు నుండి కూడా బస్సెక్కి వచ్చారు. మొదటి రోజు అలాంటి నివేదికనే ఊరి పేరు తీసేసి వారి చేతికిచ్చి, "ఇంటికి వెళ్లగానే మీ అమ్మకు ఇందులో ఏది ముందు చెబుతారు?" అని అడిగాము. ఒక్కరు కూడా శాలువాల సంగతి చెప్పలేదు. అందరూ ఆ ఐదు సెంట్ల మాటే చెప్పారు. విలేకరులు తలకిందుల పిరమిడ్ అని చెప్పుకునే పద్ధతి ఇదే. ముఖ్యమైనది ముందు, అంతకంటే తక్కువది తరువాత, లేకపోయినా నష్టం లేనిది చివర. పేజీలో చోటు చాలనప్పుడు ఉపసంపాదకుడు కింది నుండి కోసుకుంటూ వస్తాడు. మన నివేదికలను అలా కోస్తే ముందు పోయేది ఆ విధవరాలే.

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలు పిల్లలు అయిదు నిమిషాల్లో కంఠస్థం చేశారు. చిక్కు మరోచోట వచ్చింది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కదా, ఆరింటికీ ఒకే వాక్యంలో జవాబు చెప్పబోతే చదివేవాడు ఊపిరి బిగబట్టి ఆ క్రియ కోసం ఎదురుచూడాలి. రెండు వాక్యాలు చేయండి, మూడైనా ఫరవాలేదు అన్నాము. ఈనాడు జర్నలిజం పాఠశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన బూదరాజు రాధాకృష్ణ గారు భాషావేత్త. జనం మాట్లాడే తేట తెలుగులో వార్త ఉండాలని ఆయన పట్టుదల. ఆ చేతి కింద తయారైన పాత్రికేయులు ఎందరో ఉన్నారు. విశ్వవిద్యాలయాల సంగతికి వస్తే ఉస్మానియాలో 1954 నుండే జర్నలిజం చెబుతున్నారు. కానీ పల్లెల్లో అసలు పని చేసేది ఆ పట్టాలున్నవారు కాదు, మండల కంట్రిబ్యూటర్లు. రాసిన పంక్తుల లెక్కన వచ్చే కొద్ది డబ్బుతో, పగలు వేరే పని చేసుకుంటూ వార్తలు పంపేవారు. వారిలో చాలామందికి ఎవరూ ఏదీ కూర్చోబెట్టి నేర్పలేదు.

రెండవ శనివారం చేయించిన అభ్యాసమే మాకు ముఖ్యం. మిర్చి కోతలకు కూలీలతో వెళ్తున్న ఆటో బోల్తా పడిందనుకోండి, మన పల్నాడులో ఇది అనుకోవలసిన అవసరం లేనంత మామూలు. కాగితాన్ని మూడు వరుసలుగా గీసి, మొదటి వరుసలో చూచినది, రెండవ దానిలో విన్నది, మూడవ దానిలో అనుకున్నది రాయమన్నాము. "డ్రైవరు తాగి ఉన్నాడు" అన్నది ఏ వరుస? నువ్వు పరీక్ష చేశావా? లేదు. పోలీసులు చెప్పారా? చెబితే రెండవ వరుస, చెప్పినవారి హోదాతో సహా. ఎవరూ చెప్పకపోతే మూడవ వరుస, అది వార్తలోకి రాదు. ఒకమ్మాయి రాసిన పేజీలో మొదటి వరుస నాలుగు పంక్తులు, మూడవ వరుస పేజీ అడుగు దాకా ఉంది. తనే చూసుకుని నవ్వింది. మరొక కుర్రవాడు "ముగ్గురు కూలీలు మృతి" అని రాసి ఆపాడు. వాళ్ల పేర్లేమిటి, వయసెంత, ఏ ఊరు, ఇంట్లో ఎవరున్నారు అని తోటి పిల్లలే వాడిని అడిగారు.

మూడు వరుసల పట్టింపు ఎందుకో పల్నాడు వారికి విడమరచి చెప్పనక్కరలేదు. 2024 మే 13న పోలింగు రోజున, మరునాడు ఈ జిల్లాలో జరిగిన హింసకు 144వ సెక్షను పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసింది. ఆ రోజుల్లో మా ఫోన్లకు కూడా వీడియోలు వచ్చాయి, "ఇది మన ఊరి పక్కనే" అన్న మాటతో. మూడవ శనివారం పిల్లలకు అలాంటి వీడియో ఒకటి చూపించి, తీసినది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగాము. దుకాణం బోర్డు మీద ఊరి పేరు కనిపిస్తుందా? బండి నంబరు ఏ రాష్ట్రానిది? జనం మాట్లాడుతున్నది మన యాసేనా? ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరకనిదాన్ని పంచుకోకూడదని పిల్లలు తమకు తామే అన్నారు. మేము అనిపించలేదు.

దీనికి మరో పక్క కూడా ఉంది. జాగ్రత్త పేరుతో చూసిన దాన్ని కూడా చెప్పకుండా దాటేసే అలవాటు. "ఇరువర్గాల మధ్య ఘర్షణ" అని రాస్తే రాసినవారికి ఏ ఇబ్బందీ ఉండదు, కొట్టినవాడు, దెబ్బలు తిన్నవాడు ఒకే వాక్యంలో ఒకటైపోతారు. ఎవరు ఎవరి మీదికి వచ్చారో కళ్లారా చూసినవారు ఉంటే వారి మాటను వారి మాటగా రాయాలి, అవతలి వారిని కూడా అడిగి వారు చెప్పినది రాయాలి. ఒక్కరోజుతో వదిలిపెట్టకూడదు కూడా. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. మొదటి రోజు వార్త మాత్రమే చదివినవాడికి చుండూరు గురించి ఏమి తెలిసినట్టు?

పేర్ల విషయంలో చట్టం కొన్నిచోట్ల మన చేయి పట్టుకుంటుంది. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు గానీ, పోక్సో కేసులోని బిడ్డ పేరు, ఊరు, బడి గానీ, గుర్తుపట్టేలా ఏదీ ప్రచురించరాదు. సంఘ ప్రార్థనా విన్నపాల కాగితాల్లో కూడా ఈ పొరపాటు జరగడం మేము చూశాము.

అహిమయస్సు సంగతి మీకు తెలుసు. అబ్షాలోము చనిపోయిన దినాన యోవాబు వద్దన్నా వినకుండా పరుగెత్తాడు, ముందు బయలుదేరిన కూషీయుని దాటి దావీదు దగ్గరికి చేరాడు. రాజు కుమారుని గూర్చి అడిగితే మాత్రం, పెద్ద గలిబిలి చూచాను గాని అదేమిటో తెలియదన్నాడు. రాజకుమారుడు చనిపోయాడని యోవాబు అతనితో అప్పటికే చెప్పి ఉన్నాడు. పిల్లలు దీని మీద అరగంట వాదించుకున్నారు. చెప్పే ధైర్యం లేనివాడు ఎందుకు పరుగెత్తాడు అని కొందరు, దయతో దాచాడని కొందరు. తేల్చే పని మేము పెట్టుకోలేదు.

మా తప్పు కూడా వారికి చెప్పాము. కొన్నేళ్ల కిందట ఒక సంఘంలో జరిగిన బాప్తిస్మాల గురించి ఫోనులో విని 44 మంది అని అచ్చు వేశాము. నిజానికి పద్నాలుగు మంది. "నాలుగు" ఒక్కటే సరిగ్గా విన్నాము. మిగతా ముప్ఫై మంది ఎవరని బంధువులు, పక్క ఊరి సంఘాలవారు ఆ కాపరిని అడగడం మొదలుపెట్టారు. ఆయన అబద్ధమాడలేదు, అయినా తలదించుకోవలసి వచ్చింది. మరుసటి వారం సవరణ వేశాము, కానీ సవరణ చదివేవారెందరు? అంకెను తిరిగి చెప్పి "ఒకటి, నాలుగు, పద్నాలుగే కదా?" అని అడిగి ఉంటే అర నిమిషం పట్టేది.

కూడికకు "వేలాదిగా" వచ్చారని రాసే అలవాటుకు కూడా ఇదే మందు. నాలుగవ శనివారం పిల్లలను ఒక మందిరానికి తీసుకెళ్లి కుర్చీలు లెక్కపెట్టమన్నాము. వరుసకు 12, వరుసలు 18, అంటే 216. నిలబడినవారిని, చాపల మీది పిల్లలను కలిపినా 300 దాటవు. ఆ మందిరంలో జరిగిన పండుగకు వెయ్యి మంది వచ్చారని అంతకుముందు అచ్చు వేసింది మా పత్రికే.

1849లో గురజాలకు వచ్చి ఉన్న ఫాదర్ హయ్యర్ వంటి మిషనరీలు తమ దేశానికి రాసిన ఉత్తరాలు, నివేదికలు ఉండబట్టే ఈ ప్రాంతపు తొలి విశ్వాసుల గురించి కొంతైనా తెలుస్తున్నది. మన తాతలు రాసినవి ఎన్ని మిగిలాయి?

వచ్చే నెల నుండి పల్నాడు సంఘాల వార్తలు ఈ పిల్లలు రాస్తారు. చేతిలో నోటు పుస్తకంతో మీ మందిరానికి వచ్చి ఎంతమంది వచ్చారు, స్థలం ఇచ్చిన ఆమె పేరేమిటి, మీకెలా తెలుసు అని అడుగుతారు. చిన్నపిల్లలని విసుక్కోకండి. ఆమె ఒప్పుకుంటే పేరు ఇవ్వండి. శాలువాల జాబితా మాత్రం పంపనక్కరలేదు.