కాన్పు ఎక్కడ? నొప్పులు రాకముందే తేల్చుకోండి



కాన్పు ఆడదానికి పునర్జన్మ అని మన పెద్దలు ఊరికే అనలేదు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడితే దేవుడి దయ అనుకునే రోజులవి. ఇప్పుడు కాలం మారింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయినా తల్లుల మరణాలు ఆగిపోలేదు. 2018–20 లెక్కల్లో, ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది తల్లులు చనిపోయారు. వీటిలో చాలావరకు సకాలంలో వైద్యం అందితే తప్పిపోయేవే.

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

మూడు చోట్ల జరుగుతుంది. మొదటిది ఇంట్లో. "ఇంకాసేపు చూద్దాం", "ఆయన్ని పొలం నుంచి రానీ", "ఇవాళ అమావాస్య" అంటూ పొద్దు గడిచిపోతుంది. రెండోది దారిలో. బండి దొరకదు, వాగు పొంగి ఉంటుంది. మూడోది ఆసుపత్రి దగ్గర. అక్కడ రక్తం ఉండదు, లేదా ఆపరేషన్ చేసే డాక్టరు ఉండరు. మరో ఊరికి తీసుకుపొమ్మంటారు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే కొద్ది గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అందుకే ఎక్కడికి, ఎలా, ఎవరితో వెళ్ళాలన్నది నెలలు నిండకముందే తేల్చుకోవాలి.

ఏమేం తేల్చుకోవాలి?

నెల తప్పగానే ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని చెప్పి పేరు రాయించుకోండి. కాన్పులోగా కనీసం నాలుగుసార్లు పరీక్షలు చేయించుకోవాలి. ప్రతిసారీ బరువు, రక్తపోటు, రక్తం, మూత్రం చూపించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి. "నా కాన్పు ఇక్కడే చేయవచ్చా, పెద్దాసుపత్రికి వెళ్ళాలా?" అని అప్పుడే అడగండి. మొదటి కాన్పు ఆపరేషన్ అయినవారు, కవలలున్నవారు, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, రక్తం బాగా తక్కువగా ఉన్నవారు ఆపరేషన్, రక్తం ఎక్కించే సదుపాయాలున్న ఆసుపత్రికే వెళ్ళాలి.

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మన ఆచారం. వెళ్ళేటప్పుడు చీర సారెలతోపాటు మాతా శిశు సంరక్షణ కార్డు, పరీక్షల కాగితాలు తప్పక తీసుకువెళ్ళండి. అవి లేకపోతే అక్కడి డాక్టరుకు మీ సంగతేమీ తెలియదు.

108 బండి ఎంతసేపట్లో వస్తుందో, అది రాకపోతే ఊళ్ళో ఎవరి బండి ఉందో ముందే కనుక్కోండి. ఏజెన్సీలో కొన్నిచోట్ల గర్భిణులు ముందుగానే వచ్చి ఉండే వసతి గృహాలున్నాయి. డోలీ కట్టి మోసుకొచ్చేకంటే కొద్దిరోజుల ముందే అక్కడికి చేరడం మేలు.

డబ్బు లేదని ఆగకండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం, రానూపోనూ బండి అన్నీ ఉచితం.

మామూలు కాన్పా, ఆపరేషనా?

బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డంగా ఉన్నా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. అవసరమైనప్పుడు భయపడి వద్దనకండి. కాని 2019–21 సర్వేలో తెలంగాణలో నూటికి సుమారు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 22కు లోపే. ఇన్ని కాన్పులకు కోత అవసరమై ఉండదు. ముహూర్తం కోసమో, నొప్పులకు భయపడో మీరుగా కోత కోరకండి. డాక్టరు ఆపరేషన్ అంటే "ఎందుకండీ?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

నొప్పులు పడుతున్నంతసేపూ వెల్లకిలా పడుకునే ఉండాలని లేదు. నర్సు వద్దనకపోతే నడవవచ్చు, కూర్చోవచ్చు, మంచినీళ్ళు తాగవచ్చు. కాన్పు గదిలో గర్భిణికి ఒకరు తోడుండవచ్చని 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. అమ్మా, అక్కా, అత్తా, ఎవరుంటే ధైర్యమో ఆమెనే అడగండి.

వెంటనే బయలుదేరవలసిన గుర్తులు

రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, ముఖం వాచి తలనొప్పితో కళ్ళు మసకబారడం, ఫిట్స్, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

భర్తకు ఒక మాట

మీరు ఊళ్ళో లేని రోజున నొప్పులు రావచ్చు. "నన్ను అడగనక్కర్లేదు, బయలుదేరండి" అని ఇంట్లో అందరి ముందూ ఇప్పుడే చెప్పండి. ఖర్చులకు కొంత డబ్బు భార్య చేతికే ఇచ్చి ఉంచండి.

కాన్పయ్యాక

కనీసం రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉండండి. బిడ్డకు మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టండి. మళ్ళీ గర్భం రావడానికి కనీసం రెండేళ్ళు గడవాలి. అప్పుడే తల్లి ఒళ్ళు కోలుకుంటుంది. ఇష్టమైతే కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టి వేయించుకోవచ్చు. ఆ సంగతీ ముందే ఇద్దరూ మాట్లాడుకోండి.

ఈ కాగితం చదివాక ఇంట్లో పెద్దలకు వినిపించండి. వారం తిరక్కుండా ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి రండి.