గొట్టంలోంచి గోడలు వస్తున్నాయి!

సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు మనందరికీ తెలిసిన తంటా ఒకటుంది. పిండి కాస్త పలచనైతే చుట్టు నిలవదు, గుడ్డ మీద పరుచుకుపోతుంది. గట్టిపడిందా, వేళ్ల మధ్య తెగిపోతుంది. తడిగుడ్డ కప్పడం మరిచిపోతే కాసేపట్లో ఎండిపోయి చేతికి రాదు. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు కూడా ఇప్పుడు ఇదే తంటా పడుతున్నారంటే నమ్ముతారా? కాకపోతే వాళ్లది బియ్యప్పిండి కాదు, సిమెంటు మాలు. వాళ్లు చుట్టేవి గోడలు!

మాది మేడ్చల్. శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి ఏటా కొమురవెల్లి మల్లన్న దర్శనానికి వెళ్లివస్తాం. మల్లన్నకు మలుపు తిరగకుండా అదే దారిన ముందుకు పోతే సిద్దిపేట వస్తుంది. ఆ జిల్లాలోని బూరుగుపల్లిలో, చర్విత మెడోస్ అనే విల్లాల సముదాయంలో, 2023 నవంబరులో ఒక గుడి ప్రారంభమైంది. అందులో మూడు గర్భాలయాలు. వినాయకుడిది మోదకం ఆకారం, శివయ్యది చతురస్రం, పార్వతమ్మది తామరపువ్వు. మూడింటినీ మిషనే ముద్రించింది. ముద్రించడమంటే పెళ్లిపత్రిక అచ్చు వేసినట్టు కాదులెండి. గోడనే వరుస మీద వరుసగా పేర్చడం. దీన్నే త్రీడీ ప్రింటింగ్ అంటున్నారు. కట్టించింది అప్సుజా ఇన్‌ఫ్రాటెక్, ముద్రించింది సింప్లిఫోర్జ్ క్రియేషన్స్, రెండూ మన హైదరాబాదు కంపెనీలే. గుడి ఎత్తు 35.5 అడుగులు, విస్తీర్ణం దాదాపు 4 వేల చదరపు అడుగులు. స్తంభాలు, స్లాబు, నేల మాత్రం మామూలుగా మేస్త్రీలే చేశారు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మొత్తం గుడిని మిషనే కట్టేసిందని చాలామంది అనుకుంటున్నారు.

ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకు ఇవన్నీ ఎందుకంటారా? మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరంలో ఉంది. కంప్యూటర్ లెక్కలతో కట్టడాలకు రూపమిచ్చి, ఇలాంటి మిషన్లతో తయారుచేసే విద్య ఇంకో రెండేళ్లు చదువుతానంటోంది. వాళ్ల నాన్నగారు ససేమిరా అన్నారు. “ఇల్లు కట్టడానికి మేస్త్రీ చాలడా? పిల్లకు పెళ్లి ఈడు వచ్చింది, రెండేళ్లు గొట్టాలతో ఆడుకుంటుందా?” అని ఆయన వాదన. ఇద్దరి మధ్యా నేను నలిగిపోయాను. చివరికి ఒకరోజు మధ్యాహ్నం వంట ముగించుకుని, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నా సందేహాలన్నీ అడిగాను.

ముందు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఒక పెద్ద మరచెయ్యి, దాని కొసకు గొట్టం. వెనకనుంచి పంపు మాలు తోస్తుంటే, చెయ్యి కదిలిన దారెంటా బొటనవేలు మందాన తాడులా పడుతోంది. ఒక చుట్టు అయ్యాక దాని మీద ఇంకోటి. అచ్చం సకినమే!

ఆ చేతికి దారి చెప్పేది కంప్యూటర్. గీసిన బొమ్మను అది ఉల్లిపాయ చక్రాలు తరిగినట్టు పలచటి పొరలుగా కోసి, ఏ పొరలో గొట్టం ఎటు తిరగాలో ముందే రాసి పెడుతుంది. మాలు గొట్టంలో ఉన్నంతసేపు జారాలి, కింద పడగానే నిలబడాలి. తొందరపడి పై వరుస వేస్తే కింది వరుస బరువుకు నలుగుతుంది. ఆలస్యం చేస్తే రెండు వరుసలూ అతుక్కోవు. అమ్మాయి ఇదంతా చెబుతుంటే నాకు మా అమ్మమ్మగారి మట్టి ఇల్లు గుర్తొచ్చింది. రోజుకు ఒక్క వరుస పెట్టేవాళ్లు, ఆరాక మరునాడు దాని మీద ఇంకో వరుస. ఆ మాట అంటే “అదేనమ్మా ఇది, కాకపోతే తొందరగా!” అని నవ్వింది.

తామరపువ్వు రేకు బయటికి వాలుతుంది కదా, తడి మాలు పడిపోదా అని అడిగాను. ప్రతి వరుసనూ కిందిదాని కంటే ఒక్క పిసరు మాత్రమే బయటికి జరుపుతారట. ఎంత జరిపితే పడిపోతుందో కంప్యూటర్ ముందే లెక్కగట్టి చెబుతుంది. అదే రేకును మేస్త్రీ కట్టాలంటే చెక్కతో వంపు తిరిగిన సెంట్రింగ్ కొట్టాలి, పని అయ్యాక విప్పి పారేయాలి. వంపు గోడకు ఎక్కువ అడుగుతారని ఇల్లు కట్టించిన వాళ్లకు తెలుసు. గొట్టానికి వంపైనా ఒకటే, తిన్ననైనా ఒకటే.

నాకు గుడికంటే బాగా నచ్చింది వంతెన. అక్కడే, ఆ చర్విత మెడోస్‌లోనే, 2023లో ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ కె.వి.ఎల్. సుబ్రమణ్యం గారి బృందం ఇదే కంపెనీతో కలిసి ఒక చిన్న కాలినడక వంతెన నమూనా తయారుచేసింది. బరువు ఏ దారిన కిందికి దిగుతుందో లెక్కగట్టి, ఆ దారిలోనే మాలు ఉంచారు, మిగతా చోట్ల ఖాళీ వదిలేశారు. పొదుపంటే ఇదీ! అన్నట్టు, మన పెద్దవాళ్లూ తక్కువ తినలేదు. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, పైన బరువు తగ్గాలనే కదా.

బెంగళూరులో 1,021 చదరపు అడుగుల పోస్టాఫీసును ఎల్ అండ్ టీ వాళ్లు ఐఐటీ మద్రాసు సాయంతో 43 రోజుల్లో ఈ పద్ధతిలో కట్టారు, 2023 ఆగస్టులో తెరిచారు. 2025లో లేహ్‌లో 11 వేల అడుగుల ఎత్తున సైన్యానికి బంకరు ముద్రించింది మళ్లీ మన ఐఐటీ హైదరాబాద్, సింప్లిఫోర్జ్ వాళ్లే.

అలాగని అన్నీ సుగుణాలే అనుకోకండి. గొట్టంలో ఇరుక్కుంటుందని పెద్ద కంకర వెయ్యరు, అందుకని మాలులో సిమెంటు పాలు ఎక్కువ. గోడ మధ్య బోలుగా ఉంచితే కొంత కలిసొస్తుంది. ఇనుప చువ్వలు పెట్టడమూ తేలిక కాదు, ఆ బోలులో నిలబెట్టి కాంక్రీటు పోయాలి. పైన ఒక గది వేసుకోవడానికి మనలాంటి వాళ్లం ఆ మిషన్‌ను ఇంటికి పిలిపించుకునే రోజులు ఇంకా రాలేదు.

మేం మాట్లాడుకుంటుంటే మా ఇంట్లో పనిచేసే ఆమె గిన్నెలు తోముతూ అంతా విన్నది. పెళ్లైన కొత్తలో పదేళ్లు మేడ్చల్ అడ్డా మీద నిలబడి తట్టలు మోసిన మనిషి. “మిషినొస్తే నా నడుం బాగుంటదమ్మా, మరి నా కూలి ఎట్ల?” అంది. అమ్మాయి నోట మాట రాలేదు. మాలు పాళ్లు చూసేవాళ్లు, పంపు దగ్గర నిలబడేవాళ్లు కావాలి, నేర్పితే ఆడవాళ్లూ చేస్తారు అని కాసేపటికి అంది. “నేర్పేదెవరు?” అని ఆమె మళ్లీ అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇక మన గడప దాకా వచ్చిన సంగతి చెబుతాను. కంప్యూటర్ బొమ్మను చూసి చెక్కను కోసే సీఎన్‌సీ మిషన్లు ఊళ్లలోకి వచ్చేశాయి. తలుపు మీద లతలు, పూజగది జాలీ, వంటింటి అరలు వాటి మీదే కోస్తున్నారు. ఇదీ ఆ విద్యకు చెల్లెలే. చిక్కల్లా ఏమిటంటే, బొమ్మలో తప్పుంటే మిషను ఆ తప్పునే నీటుగా కోసిపెడుతుంది! అందుకే కోయకముందే బొమ్మ చూపించమనండి. చపాతీ వత్తేటప్పుడు మీ మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో టేపుతో కొలిచి చెప్పండి. ఇడ్లీ పాత్ర ఎత్తూ, గ్రైండరు వెడల్పూ రాసివ్వండి. మన కొలతలు మనం చెప్పకపోతే కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది?

ఇరవై ఏళ్ల కిందట మా ఇల్లు కట్టినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. కిటికీ ఒకవైపు, పొయ్యి ఇంకోవైపు పెట్టారు. పోపు వేస్తే ఘాటంతా హాల్లోకే! రెండేళ్లకు గోడ పగలగొట్టించి ఇంకో కిటికీ పెట్టించుకున్నాం. ఆ దుమ్ము, ఆ ఖర్చు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పోయిన వారం అమ్మాయి సుద్దముక్క చేతికిచ్చి నన్ను మేడ మీదికి తీసుకెళ్లింది. పైన వేయబోయే వంటింట్లో పొయ్యి ఎక్కడ, సింకు ఎక్కడ, నేనెటు తిరుగుతాను, అన్నీ నాచేతే గీయించింది. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి మూడు రకాలుగా మార్చి చూపించింది. ఫ్రిజ్ తలుపు గోడకు తగులుతుందని మూడోదాంట్లో తేలింది. రెండోది నాకు నచ్చింది. కట్టేది మాత్రం మా పాత మేస్త్రీయే, ఇటుకలతోనే. ఆ కాగితం చూసి ఆయన, “కిటికీ ఇక్కడ పెట్టమ్మని ఎవరు చెప్పిన్రు, మంచిగుంది” అన్నాడు.

శ్రావణంలో పని మొదలు. అమ్మాయి దరఖాస్తు నింపి టీవీ పక్కన పెట్టింది. వాళ్ల నాన్నగారు రెండుసార్లు తీసి చదివారు, ఇంకా సంతకం పెట్టలేదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర మాత్రం, “ఆ తామరపువ్వు రేకులు ఎన్ని?” అని అడిగారు.