సర్వీస్, లీడర్‌షిప్, రీసెర్చ్: మధ్యలో ఉల్లిపాయలు

సెకండియర్‌లోకి రాగానే సీనియర్లందరూ చెప్పే మాట ఒకటే: “రెజ్యూమేలో మూడు ఉండాలి రా. సర్వీస్, లీడర్‌షిప్, రీసెర్చ్.” నేనూ వాటిని మూడు వేరు వేరు సర్టిఫికెట్లు అనుకున్నాను. కానీ ఒక ప్రశ్నని పట్టుకుని వదలకపోతే మూడూ దాని వెనకే వస్తాయని ఈ ఏడాది తెలిసింది. అదెలాగో నాకు జరిగినదాంతోనే చెప్తాను.

ముందు సర్వీస్. ఎన్.ఎస్.ఎస్. 1969లో, గాంధీగారి శతజయంతి సంవత్సరంలో, 37 యూనివర్సిటీల్లో మొదలైంది. వాలంటీర్ రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఏడు రోజుల స్పెషల్ క్యాంపు కూడా ఉంటుంది. మా క్యాంపు శ్రీకాకుళం వైపు ఒక ఊళ్లో పడింది. టైప్ చేయడం రాని పెద్దవాళ్లకి, ఫోన్‌తో మాట్లాడి మెసేజ్ పంపడం నేర్పాలి. అదీ మా టీమ్ పని.

ఒక మామ్మగారు ఫోన్ దగ్గరకి వంగి “నా గుంటలు పట్నం ఎల్లిపోనారు” అన్నారు. పిల్లలు పట్నం వెళ్లిపోయారని అర్థం. ఫోన్ మాత్రం “నా గుంటలు పట్నం ఉల్లిపాయలు” అని రాసింది. పైకి చదివి అందరం పడీపడీ నవ్వాం. ఆవిడ నవ్వలేదు. “నాకు మాటాడ్డం రాదేటి బాబూ?” అన్నారు. ఆ ప్రశ్న నాతోపాటే హాస్టల్‌కి వచ్చేసింది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఏ తెలుగు ఎక్కువ విని నేర్చుకుంటే ఆ తెలుగే దానికి బాగా వస్తుంది. మరి ఈ ఊరి మాట దానికి ఎంత వస్తుంది? తెలుసుకుందామని పన్నెండు మందిమి కలిసి రెండు ఆదివారాలు తిరిగి 46 మంది గొంతులు రికార్డ్ చేశాం. టీమ్ లీడర్‌ని నేనే. భలే చేశామనుకున్నాం. చివర్లో అదే మామ్మగారు అడిగారు: “నా గొంతు ఎవులికి ఇనిపిస్తావు బాబూ?” నా దగ్గర జవాబు లేదు. “కాలేజీ పని” అని తప్ప మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు మరి.

ఆ రాత్రి రికార్డింగులన్నీ డిలీట్ చేద్దామన్నాను. టీమ్‌లో పెద్ద గొడవైంది. ఇద్దరు మానేశారు కూడా. తప్పు నాది కాబట్టి, మళ్లీ వెళ్లి ప్రతి ఇంటి ముందూ ముందుగా మాట్లాడింది నేనే. ఎందుకు రికార్డ్ చేస్తున్నాం, ఎవరు వింటారు, వద్దంటే ఏం చేస్తాం అన్నీ తెలుగులో చెప్పి అడిగాం. 29 మంది సరే అన్నారు. మిగతావాళ్లు వద్దన్నారు, వదిలేశాం. లీడర్‌షిప్ అంటే పోస్టర్ మీద పేరు అనుకునేవాణ్ని. నా తప్పుకి పది మంది పని రెట్టింపైతే వాళ్లకి మొహం చూపించడం కూడా అందులో భాగమే.

ఇక రీసెర్చ్. “బాగా రాయట్లేదు” అంటే కుదరదు, ఎంత బాగా రాయట్లేదో కొలవాలి అన్నారు మా గైడ్ మేడం. దానికి వర్డ్ ఎర్రర్ రేట్ అని ఒక కొలత ఉంది. మారిన మాటలు, ఎగిరిపోయిన మాటలు, అదనంగా చేరిన మాటలు కలిపి, అసలు వాక్యంలోని మాటల సంఖ్యతో భాగించాలి. మామ్మగారి వాక్యంలో నాలుగు మాటల్లో ఒకటి తప్పు, అంటే 25 శాతం. కానీ తెలుగులో ఒక చిక్కుంది. “పుస్తకాలలో” అన్నదాన్ని “పుస్తకాల్లో” అని రాసినా మాట మొత్తం తప్పు కిందే లెక్క. అందుకే అక్షరాల లెక్కన కొలిచే క్యారెక్టర్ ఎర్రర్ రేట్ కూడా చూశాం. మాకు తప్పులు ఎక్కువగా క్రియల చివర్లో కనిపించాయి. ఒక్క ఊళ్లో 29 మందిని విని శ్రీకాకుళం యాస మొత్తం గురించి చెప్పలేం. ఆ మాట కూడా రిపోర్టులో రాశాం.

దీనివల్ల కెరీర్‌కి ఏమొచ్చింది అంటారా? మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చేశాను. ఏం చేయాలనుకుంటున్నావో రాయమన్న చోట మొదటిసారి నాకు రాయడానికి సొంత విషయం ఉంది. సెలెక్ట్ కాలేదు. కానీ తర్వాత ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో కోడ్ కంటే ఎక్కువసేపు ఆ డిలీట్ చేసిన రికార్డింగుల గురించే అడిగారు. ఇంటర్న్‌షిప్ వచ్చింది.

కాబట్టి ఫ్రెండ్స్, క్యాంపుకి వెళ్తే ఒక చిన్న నోట్‌బుక్ తీసుకెళ్లండి. అక్కడివాళ్లు అడిగిన ప్రశ్నల్లో మీకు జవాబు తెలియనిది ఒక్కటి రాసుకోండి. దాన్ని కొలవగలమా అని ఒక లెక్చరర్‌ని అడగండి. కలిసి పనిచేసేవాళ్లు దొరుకుతారు.

డిసెంబర్‌లో మేం మళ్లీ ఆ ఊరు వెళ్తున్నాం. మామ్మగారికి మాట్లాడ్డం బాగానే వచ్చని, రానిది ఫోన్‌కేనని ఆవిడకి చెప్పాలి.