ఫోనుకో గూడు

సాయంకాలం ఆరు గంటల వేళ హనుమకొండ చౌరస్తాలో కాసేపు నిలబడి చూడండి. బస్సు కోసం నిలుచున్న పదిమందిలో ఎనమండుగురి మెడలు ఒకే తీరున వంగి ఉంటాయి. అక్కడికి దగ్గరలోనే, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో నంది ఉన్నది. అదైనా తల ఎత్తి చూస్తుంది గాని, మనవాళ్లు ఎత్తరు!

ఇది చూసి "కలికాలం" అని నిట్టూర్చే పెద్దమనుషులతో నాకు చిన్న పేచీ ఉన్నది. నిట్టూర్చిన మరుక్షణమే వారి చెయ్యీ జేబులోకే పోతుంది, ఆ నిట్టూర్పును వాట్సాప్‌లో నలుగురికీ పంచడానికి. కనుక ఇది కుర్రకారు జబ్బని తోసిపుచ్చితే కుదరదు.

ఒకప్పుడు ఫోనుకు కాపలా ఉండేది. ఆ కాపలాదారు పేరు డబ్బు. పోస్టాఫీసులో ట్రంకాల్ బుక్ చేసి, అరుగుమీద కూర్చుని ఎదురుచూసి, మూడు నిమిషాలలో చెప్పవలసినదంతా చెప్పేసేవారు. తరువాత ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. రాత్రి పొద్దుపోతే రేటు తగ్గుతుందని జనం అప్పటిదాకా ఆగి వరుసకట్టేవారు. ఎర్రటి అంకెలు గిరగిరా తిరుగుతుంటే మాట దానంతటదే పొదుపయ్యేది. 1995 జులై 31న జ్యోతిబసు కలకత్తానుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి మన దేశంలో సెల్‌ఫోనుకు శ్రీకారం చుట్టారు. ఆ రోజులలో అవతలివారు చేసినా సరే, ఎత్తినందుకు మనమే డబ్బు కట్టాలి. ఎవరు ఎత్తుతారు, చెప్పండి? 2003లో ఆ రుసుము పోయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, మొదట్లో డేటాను ఉచితంగానే పంచిపెట్టింది. మిగతా కంపెనీలూ ధరలు దించక తప్పలేదు. కాపలాదారు ఆనాడే సెలవు పుచ్చుకున్నాడు. ఇంటిల్లిపాదీ సంతోషించాము గాని, ఆ ఉద్యోగంలో మరొకరిని పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

అవతల మాత్రం పని చురుకుగా సాగింది. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పావురాలతో ప్రయోగాలు చేశాడు. మీటను ముక్కుతో పొడిచినప్పుడల్లా గింజ పడితే పావురం తిన్నంత తిని ఊరుకుంటుంది. ఒకసారి పడి, మరి నాలుగుసార్లు పడక, మళ్లీ పడితేనో? అలుపు లేకుండా పొడుస్తూనే ఉంటుంది. ఏమైనా వచ్చిందేమోనని అయిదు నిమిషాలకొకసారి ఫోను చూసుకోవడం ఇలాంటిదే కాదూ! 2006లో ఏజా రాస్కిన్ అనే ఆయన, వేలితో తోసేకొద్దీ పేజీ అంతులేకుండా జారే పద్ధతి కనిపెట్టి, తరువాత అందుకు తానే విచారపడ్డాడు. మన వారపత్రికలో సీరియలు మాంచి పట్టులో "సశేషం" అని ఆగిపోతుంది. తిట్టుకుంటూనైనా పత్రిక మూసి, పొయ్యిమీది అన్నం చూసుకుంటాము. అరచేతిలోని ఈ పత్రికకు చివరి పేజీ లేదు.

మరి మానేద్దామా? అదీ అంత తెలివైన పని కాదు. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కొందరికి నోటిఫికేషన్లు రోజుకు మూడు దఫాలుగా కట్టగట్టి అందించారు. వారికి మనసు కుదుటపడింది, ధ్యాస నిలిచింది. బొత్తిగా ఆపేసినవారికి ఆ మేలు కలగకపోగా, ఏమి తప్పిపోతున్నదోనన్న బెంగ పెరిగింది. వెనుకటి తపాలా బంట్రోతు పద్ధతే ఇది. ఆయన వచ్చే వేళ ఊరందరికీ తెలుసు. తక్కిన పొద్దంతా గుమ్మంలో కాచుకుని ఎవరూ కూర్చునేవారు కాదు.

ఊరు ఊరంతా కలిసి వేళ పెట్టుకున్నచోటు కూడా ఉన్నది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్‌లో 2022లో సాయంత్రం ఏడింటికి సైరను మోగించి, గంటన్నరసేపు టీవీలూ ఫోనులూ కట్టివేయడం మొదలుపెట్టారు. వరంగల్ అంతటి నగరానికి సైరను పెట్టడం ఎవరి తరం? ఇంటికొక సైరను కావాలి.

మా ఇంట్లో ఆ సైరను మా అమ్మే అయింది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. వినికిడి బాగా తగ్గింది, యంత్రం పెట్టుకుంటే చెవిలో రొద అంటుంది. ఎదుటి మనిషి ముఖం, పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర పిల్లలేదో చెప్పుకుని నవ్వుతున్నారు, కళ్లు మాత్రం ఫోనులలోనే. ఆమె ముద్ద కంచంలో పెట్టేసి, "మీ ముఖాలు అగుపడ్తలేవు బిడ్డా, మాట ఎట్ల ఇనపడాలె?" అన్నది. కోపంగా అనలేదు. కూర చల్లారిందన్నట్టు అన్నది. కొంతకాలంగా ఆమె మాట్లాడడం తగ్గించింది వయసువల్లనే కాబోలునని అందరమూ అనుకుంటున్నాము.

మాది పాత ఇల్లు. వంటింటి గోడలో వెనుకటి దీపపు గూడు ఉన్నది. మర్నాడే అక్కడికి కరెంటు తీగ లాగించి, చార్జర్లన్నీ పడకగదులనుంచి పీకి అందులో చేర్చాము. ఎనిమిది కొట్టగానే ఫోనులన్నీ గూట్లోకి; తెల్లవారి కాఫీ అయ్యాకనే బయటికి. అలారం కోసం పాత గడియారం కొన్నాము. అత్యవసరమైతే కాల్ మోగుతుంది, మిగతా మోతలన్నీ కట్టు. పదో తరగతి చదివే మా అబ్బాయి వారంపాటు ముఖం ముడుచుకున్నాడు. క్రికెట్టు పోటీల రోజులలో గూడు ఖాళీగానే ఉంటుంది, దాచుకోవడమెందుకు? చదువూ నిద్రా మాని ఫోనుకే అంటుకుపోయిన పిల్లలకైతే గూళ్లు చాలవు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014నుంచి ఇందుకోసమే ప్రత్యేక క్లినిక్కు ఉన్నది. టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు.

మొదటి నాలుగు రాత్రులూ మా భోజనాలు మౌనవ్రతంలాగే నడిచాయి. అయిదోనాడు మా అమ్మ, చిన్నప్పుడు బతుకమ్మకు తంగేడు పువ్వు కోసం భద్రకాళి చెరువు అవతలి గుట్టలదాకా నడిచిపోయిన సంగతి ఎత్తుకున్నది. "చెప్పులుండెనా నాయినమ్మా?" అని మా అమ్మాయి, పెదవులు బాగా కదిలించి మరీ అడిగింది. అంతే, పది దాటినా లేవలేదు.

ఆదివారం ఉదయం మాత్రం కాఫీకి ముందే మా అమ్మ వచ్చి గూటిముందు నిలబడుతుంది. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు వీడియో కాల్‌లోకి వచ్చే వేళ అది. చెల్లెలు కిటికీకి ఎదురుగా, వెలుతురు ముఖంమీద పడేట్టు కూర్చుని మాట్లాడుతుంది. ఈమె ఒక్క మాట పోనివ్వదు.